సిక్లిడ్ చేప తవ్వితే ఫిల్టర్ గతేంటి?

అక్వేరియం షాపులో గ్రావెల్‌ని రంగు చూసి కొనేవాళ్లే ఎక్కువ. అండర్‌గ్రావెల్ ఫిల్టర్ పెట్టిన తొట్టెలో మాత్రం ఆ రాళ్లే అసలు ఫిల్టర్. అడుగున పరిచే చిల్లుల ప్లేటు, మూలన నిలబెట్టే గొట్టం, ఎయిర్ పంపు, ఇవన్నీ నీటిని రాళ్ల సందుల్లోంచి కిందికి లాగడానికే. రాళ్లకు జిగటగా పట్టుకుని బతికే బ్యాక్టీరియాలో కొన్ని, చేపలు వదిలే అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి.

గింజ సైజు సగమైతే బ్యాక్టీరియా పట్టుకోవడానికి దొరికే ఉపరితలం రెట్టింపవుతుంది. అలాగైతే సన్న ఇసుకే మేలు కదా అనిపిస్తుంది. కానీ అదే సమయంలో నీరు దూరే సులువు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇసుకలోంచి నీరు ఏ లెక్కన దిగుతుందో ఫ్రాన్స్‌ ఇంజనీరు ఆన్రీ దార్సీ 1856లోనే సూత్రం కట్టాడు. మన బోర్లలో నీరు ఊరే లెక్కలకు ఇప్పటికీ అదే ఆధారం. ఎయిర్ పంపు లాగే బలం అంతంతమాత్రం కాబట్టి ఇసుక పోస్తే నీరు దిగదు, రేణువులు చిల్లుల్లో ఇరుక్కుంటాయి, ఆక్సిజన్ అందని చోట కుళ్లిన గుడ్ల వాసన మొదలవుతుంది. 3 నుంచి 5 మిల్లీమీటర్ల నునుపు రాయి, రెండున్నర నుంచి మూడు అంగుళాల మందం అయితే చక్కగా పనిచేస్తుంది. కాంక్రీటులో వాడే బేబీ చిప్స్ చవకే గానీ, క్రషర్ రాయి అంచులు కోస్తాయి. రాళ్లను నోట్లోకి తీసుకుని ఉమ్మే చేపకు అవి వద్దు.

సిక్లిడ్లకు తవ్వకం సరదా కాదు, సంసారం. గుడ్ల కోసం గుంతలు తీస్తాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సులో కొన్ని జాతుల మగచేపలు ఆడచేపను పిలవడానికి ఇసుక దిబ్బలు కడతాయి. తొట్టెలో ఒక జంట కుదిరిందంటే, తెల్లారేసరికి ఒక మూల ప్లేటు బయటపడుతుంది. ఇక నీరంతా ఆ ఖాళీలోంచే దిగిపోతుంది, మిగతా రాళ్ల వైపు పోదు. గొట్టంలోంచి బుడగలు మామూలుగానే వస్తుంటాయి కాబట్టి మనకు అనుమానం రాదు. లోపల బ్యాక్టీరియాకు మాత్రం ఊపిరాడదు.

దీనికి మందు కిటికీలకు కొట్టే ప్లాస్టిక్ దోమల మెష్. సగం గ్రావెల్ పోసి, దాని మీద మెష్ పరిచి, మిగతా సగం పైన పోయాలి. చేప ఎంత తవ్వినా మెష్ దగ్గర ఆగిపోతుంది. పెద్ద బండరాళ్లను మాత్రం గ్రావెల్ పోయకముందే ప్లేటు మీద నిలబెట్టాలి. పైపైన పెడితే, కింద తవ్వగానే దొర్లి అద్దానికి తగులుతాయి.

రాయిలో సున్నం ఉందా లేదా అన్నది ఇంకో సంగతి. హైదరాబాద్ గ్రానైట్ నీటి గుణాన్ని దాదాపు మార్చదు. ఇళ్లలో పరిచే షాబాద్, తాండూరు బండలు సున్నపురాళ్లు, నిమ్మరసం పడితే మచ్చ పడేది అందుకే. గీకిన చోట వెనిగర్ చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. అలాంటి తునకలు మెష్ కింది పొరలో కలిపితే మలావీ చేపలకు మంచిది, ఆ సరస్సు నీరు క్షార గుణం గలది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 7.7 నుంచి 8.6. పైగా అమోనియాను మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌కు దాదాపు 7 మిల్లీగ్రాముల సున్నపురాయికి సరిపడా క్షారత్వం ఖర్చవుతుంది. ఆమ్లం పుట్టే చోటే సున్నం ఉంటే అక్కడికక్కడే సరిపోతుంది. షాపుల్లో కోరల్ చిప్స్ చూపిస్తారు గానీ, గట్టి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సున్నపురాయి ఉండగా వాటి జోలికి పోవడం దేనికి?

బోరు నీళ్లు చాలా కాలనీల్లో ముందే గట్టివి, అంటే సున్నం పాలు ఎక్కువున్నవి కాబట్టి, టెస్ట్ కిట్‌తో చూశాకే సున్నం సంగతి. అమెజాన్ నది నుంచి వచ్చిన డిస్కస్ చేపకైతే అసలు వద్దు. ఇంకో మాట, 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అమోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8.5 అయితే 15 వంతుల దాకా పోతుంది. అంటే ఫిల్టర్ దెబ్బతింటే ముందు నష్టపోయేది మలావీ తొట్టే.

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటి పెద్ద సిక్లిడ్లను పెంచేవాళ్లు అండర్‌గ్రావెల్ ఆలోచనే మానుకోవడం మంచిదని నా అభిప్రాయం. వాటి చెత్త ఎక్కువ, తవ్వకం ఇంకా ఎక్కువ. బయట పెట్టే కానిస్టర్ ఫిల్టరే వాటికి సరి.

నల్లా నీటిలో బ్యాక్టీరియాను చంపే క్లోరిన్ ఉంటుంది కాబట్టి గ్రావెల్‌ని నల్లా కింద కడగకండి. నీళ్లు మార్చేటప్పుడు సైఫన్ గొట్టంతో ఈసారి సగం, తర్వాతిసారి మిగతా సగం శుభ్రం చేస్తే చాలు. ఎండాకాలం కరెంటు గంటల తరబడి పోయే ఏరియా అయితే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి, కరెంటు వచ్చేదాకా మేత వేయకండి.