కుండ చల్లబడని ఊరు

ఎనిమిదో తరగతి పిల్లలకు వాతావరణ మార్పు గురించి ఎలా చెప్పాలని ఒక ఉపాధ్యాయురాలు అడిగారు. ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో మాత్రం మొదలుపెట్టకండి. మట్టికుండతో మొదలుపెట్టండి.

రామగుండంలో ఎండ 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. కుండలో నీళ్లు దాదాపు 25 డిగ్రీల దాకా చల్లబడగలవు. కాకినాడలో ఎండ 36 డిగ్రీలే, తేమ మాత్రం 70 శాతం. అక్కడ కుండ ఎంత ప్రయత్నించినా 31 దగ్గర ఆగిపోతుంది. ఎండ తక్కువగా ఉన్న ఊళ్లోనే నీళ్లు వెచ్చగా ఉంటాయి! ఈ వింతను పిల్లలే కనిపెట్టాలి. రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, విసనకర్రతో విసరమనండి. తడిగుడ్డ థర్మామీటరు చూపేదే తడిబల్బు ఉష్ణోగ్రత. కుండ అంతకన్నా చల్లబడలేదు.

కుండ చుట్టూ ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది; గాలిలో తేమ ఎక్కువుంటే ఆవిరవడం తగ్గుతుంది. మన ఒళ్లూ కుండే. ఒక గ్రాము చెమట ఆవిరవుతూ సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఊరికే కూర్చున్న మనిషిలోనూ దాదాపు 100 వాట్ల వేడి పుడుతుంది. దాన్ని చెమటతోనే వదిలించుకోవాలంటే గంటకు 150 గ్రాములు ఆవిరి కావాలి. కారిపోయిన చెమట లెక్కలోకి రాదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకాన్ని తరగతిలో తప్పక చర్చించండి. ఉల్లిపాయ ఒక్క గ్రాము చెమటనైనా ఆవిరి చేయలేదు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. తేమ పెరిగితే తడిబల్బు ఉష్ణోగ్రతా పెరుగుతుంది, చెమట ఆరదు. భూతాపం తీరప్రాంతాన్ని దెబ్బతీసే దారుల్లో ఇదొకటి. తడిబల్బు 35కు చేరి కొన్ని గంటలు అక్కడే ఉంటే, ఆరోగ్యవంతుడు నీడలో కూర్చున్నా ఒళ్లు చల్లబడదని సిద్ధాంతం. తేమగాలిలో యువకులపై అమెరికాలో చేసిన ప్రయోగాల్లో, తేలికపాటి పనులకే, తడిబల్బు 31 దగ్గర ఒంటి లోపలి వేడి అదుపు తప్పసాగింది.

మరి శ్రీకాకుళం జిల్లా తీరంలోని నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసేవారి సంగతి? కండరాలు కష్టపడితే పుట్టే వేడి మూడు నాలుగు రెట్లవుతుంది. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో వృద్ధులు, రోజుకూలీలు ఎక్కువ. ఉదయం పదకొండుకే పని ఆపేస్తే ఆ రోజు కూలి ఎంత తగ్గుతుందో ఇంట్లో అడిగి రమ్మని పిల్లలకు చెప్పండి. రెండు థర్మామీటర్ల అంకెల పక్కన, అదే పట్టికలో, ఆ అంకెను కూడా రాయించండి.