ఆ డొక్కు రెక్క ఎందుకు పారేయలేదంటే

చిన్నూ, బుజ్జీ,

మొన్న మేం పాత విమానం బాగుచేస్తున్న మ్యూజియం షెడ్‌కి వచ్చినప్పుడు చిన్నూ దాని రెక్క చూసి అడిగాడు కదా, "తాతయ్యా, ఈ డొక్కు రేకంతా పీకేసి కొత్తది వేసేస్తే వారంలో అయిపోతుంది కదా" అని. అప్పుడు చేతినిండా గ్రీజు, నవ్వేసి ఊరుకున్నా. ఇప్పుడు చెప్తా వినండి.

ముందసలు వారంలో అవ్వదురా. రెక్క మీద వరసగా బొత్తాల్లా కనిపించేవి రివెట్లు, రేకుల్ని కలిపి పట్టి ఉంచే మేకుల్లాంటివి, వేలల్లో ఉంటాయి. పాతది తియ్యాలంటే తలకి సరిగ్గా మధ్యలో డ్రిల్ పెట్టి ఆ తల ఒక్కటే ఊడగొట్టాలి, కాస్త జారిందా కన్నం పెద్దదైపోతుంది, ఇంకో సైజు రివెట్ వెతుక్కోవాలి. కొత్తది కొట్టాలంటే మామూలుగా ఇద్దరు కావాలి, బయట ఒకళ్ళు సుత్తిలా టకటకా కొట్టే రివెట్ గన్‌తో కొడుతుంటే లోపల ఇంకొకళ్ళు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, అప్పుడే లోపలి కొస నలిగి బిళ్ళలా పరుచుకుంటుంది. ఇంకో తమాషా, కొన్ని రివెట్లని ఫ్రీజర్‌లో దాస్తాం! ఆ అల్యూమినియం రకాన్ని బాగా వేడిచేసి నీళ్లలో ముంచితే మెత్తగా ఉంటుంది, తర్వాత ఊరికే వదిలేసినా దానంతటదే గట్టిపడిపోతుంది. 1900ల మొదట్లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ ఈ సంగతి కనిపెట్టాడు. చల్లగా ఉంచితే గట్టిపడటం నెమ్మదిస్తుంది, అందుకే ఫ్రీజర్. ఐస్‌క్రీమ్ ఉందనుకుని తెరిచేరు.

అసలు కారణం మాత్రం వేరే. నేను వాలంటీర్‌గా చేరిన కొత్తలో ఒక తలుపు రేకు లోపలివైపు తెగ గీకేశా, తళతళ మెరిసింది, నన్ను నేనే మెచ్చుకున్నా. పక్క రేకు విప్పి చూస్తే దాని వెనక పెన్సిల్ అంకెలు, ఒక చిన్న బొమ్మ, ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళెవరో గీసింది! నా రేకు మీద ఏముండేదో ఇక ఎప్పటికీ తెలీదు. ఇప్పటికీ ఆ తలుపు వైపు చూడబుద్ధి కాదు నాకు.

అందుకే ఇప్పుడు ముందు ఫోటోలు తీస్తాం, తర్వాత రూపాయి బిళ్ళంత చోట మాత్రమే సన్నటి గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీస్తాం, ఒకదాని కింద ఒకటి పాత రంగులు చెట్టు మొదట్లో వలయాల్లా బయటపడతాయి.

ఇంగ్లండ్‌లో మస్కిటో అని చెక్క విమానం ఉంది, ఆ రకంలో మొట్టమొదటిది, 1940 నవంబర్ 25న ఎగిరింది. దాన్ని తయారుచేసిన సాల్స్‌బరీ హాల్ దగ్గరే ఇప్పుడు డి హావిలాండ్ మ్యూజియంలో ఉంది, వాలంటీర్లు ఏళ్ల తరబడి బాగుచేశారు. కొత్త చెక్కతో అచ్చం అలాంటిదే చెయ్యొచ్చు, కానీ ఆ రోజు ఎగిరింది అది కాదు కదా!

మళ్ళీ ఎగరాల్సిన విమానమైతే ఈ ముచ్చట్లేమీ ఉండవు, పగిలిన భాగం ఎంత పాతదైనా మార్చి తీరాలి, మనిషి ప్రాణం ముఖ్యం. మనది నిలబడి ఉండేదే కాబట్టి తుప్పు ఆపుతాం, ఒంపు ఉంచేస్తాం.

చిన్నూ, ఈసారి వచ్చేటప్పుడు బుజ్జిని తప్పకుండా తీసుకురా, రెక్క లోపల ఒక మూల నా చెయ్యి పట్టట్లేదు, దిమ్మ బుజ్జే పట్టుకోవాలి. చెవులకి పెట్టుకునేవి నేనిస్తా. చీకట్లో మెరిసే ఆ పాత మీటర్లు మాత్రం ముట్టుకోవద్దు, ఒంటికి హాని చేసే రేడియం ఉంటుంది.

మీ తాతయ్య