నీళ్లుంటే తాబేలు ఉన్నట్టేనా?

చెన్నైలోని పళ్లికరణై చిత్తడినేలకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడినేల అన్న హోదా, వచ్చింది. అక్కడ నీళ్లెక్కడున్నాయో ఉపగ్రహ చిత్రం చూసి ఇంట్లో కూర్చునే గీయొచ్చు. కానీ ఇండియన్ ఫ్లాప్‌షెల్ తాబేలు ఎక్కడ బతకగలదో తెలియాలంటే గట్టు వెంట నడవాల్సిందే. తాబేలు బతకగల చోట్లను మ్యాపులో ఎక్కించే సర్వేకు విద్యార్థి వాలంటీర్లు పనికొచ్చేది అందుకే.

ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ తాబేలు 'వల్నరబుల్' (అంతరించే ముప్పున్న) వర్గంలో ఉంది. వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే కింది డిప్పకున్న చర్మపు రెక్కలు తలుపుల్లా మూసుకుంటాయి. బతికేది నీళ్లలోనే అయినా గుడ్లు పెట్టేది గట్టు మట్టిలో. చెరువు ఎండితే బురదలో దూరి వానల దాకా అక్కడే ఉంటుంది. అంటే మేలో ఎండి బీటలు వారిన కుంట కూడా దాని ఇల్లే కావచ్చు. సుందరీకరణ పేరుతో చుట్టూ నిలువుగా రాళ్లు పేర్చి, పైన వాకింగ్ ట్రాక్ వేసిన చెరువులో నీళ్లు నిండుగా ఉన్నా తల్లి తాబేలు పైకెక్కలేదు. నా దృష్టిలో మ్యాపులో ముందు ఎక్కాల్సింది ఆ రాతికట్టే.

గట్టు వాలు, మట్టి, తుంగ, కుక్కలు, పక్కనున్న రోడ్డు ఎవరైనా రాసుకోగలరు. ఏ కుంట ఏ నెలలో ఎండుతుందో మాత్రం వలలు వేసేవాళ్లనే అడగాలి. ఆ పక్కనే వేళచ్చేరి రూముల్లో ఉండే మన తెలుగు పిల్లలు వాళ్లను తమిళంలో అడగడానికి చెన్నైలోనే పెరిగిన తెలుగు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

'కనబడలేదు' అని కూడా తప్పకుండా రాయాలి. ఈ తాబేలు తరచూ ముక్కు కొన మాత్రమే పైకి పెడుతుంది. తాబేలున్న కుంటలోనే మూడుసార్లకు ఒకసారి కనబడుతుందనుకుందాం. అప్పుడు వరసగా మూడుసార్లు వెళ్లినా కనబడకపోయే అవకాశం ఇరవై ఏడింట ఎనిమిది వంతులు, దాదాపు 30 శాతం! ఒక్క ఆదివారం చూసి 'ఇక్కడ లేదు' అనేస్తే లెక్క తప్పుతుంది. పైగా అక్వేరియంల నుంచి తెచ్చి వదిలేసే అమెరికా జాతి రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు ఎండ కాచుకుంటూ దర్జాగా కనిపిస్తుంది. కంటి వెనక ఎర్రచార ఉందేమో ఫోటోలో చూసుకోవాలి, ఉంటే అది స్లైడరే.

మాంసం కోసం పట్టేవాళ్లున్నారు కనుక, జీవుల ఫోటోలు, కనబడిన చోట్లు నమోదు చేసే యాప్ ఐనాచురలిస్ట్‌లో ముప్పున్న జాతుల చోటును దాదాపు 20 కిలోమీటర్ల గడిలో మసకబరుస్తారు. మీ కాలేజీ వాట్సాప్ గ్రూపు ఆ పని చేయదు. కచ్చితమైన పాయింట్లు సర్వే నడిపేవాళ్లకు, అటవీశాఖకు ఇవ్వండి. గ్రూపులో ఫోటో పెట్టినా లొకేషన్ పెట్టొద్దు.