పొద్దున్నే మొరాయించే కోత మిషన్

కందుకూరు దగ్గర జామాయిల్ తోటలు కొట్టే కాంట్రాక్టు చేసే ఒక పాఠకుడు సంక్రాంతికి ముందు నన్ను అడిగిన ప్రశ్న ఇది. "సార్, నా చైన్ సా మిషన్ పొద్దున మొదటిసారి స్టార్ట్ కావాలంటే ముప్పై సార్లు తాడు లాగాలి. భుజం పడిపోతోంది. ఒకసారి అందుకుందంటే సాయంత్రం దాకా ఒక్క లాగుకే స్టార్టవుతుంది. చలికి పట్టేసిందంటున్నారు. మన దగ్గర అంత చలి ఎక్కడుంది సార్?"

ఆ చివరి మాట నాకు చాలా నచ్చింది. నిజమే, ధనుర్మాసంలో కూడా మన తీరంలో తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇక్కడ చలి అంటే వాతావరణం కాదు, రాత్రంతా ఆగిపోయి ఉన్న ఇంజను. ఇంజను వేడెక్కాక 20 డిగ్రీలైనా 40 డిగ్రీలైనా దానికి ఒకటే. వేడెక్కక ముందు మాత్రం ఆ తేడా దానికి బాగా తెలుస్తుంది. ఎందుకో చెప్పడానికి నాకు పంపు స్టవ్వును మించిన పాఠం దొరకలేదు.

కిరోసిన్ పంపు స్టవ్వు వెలిగించడం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా అమ్మ ముందు బర్నర్ కింద ఉన్న చిన్న గిన్నెలో కాస్త కిరోసిన్ పోసి అంటించేది. అది పొగలు కక్కుతూ, పసుపు మంటతో రెండు నిమిషాలు మండేది. ఆ తర్వాతే పంపు కొట్టేది. అప్పుడు నీలి మంట బుస్సుమని లేచేది. ఓపిక పట్టక ముందే పంపు కొడితే సన్నటి రంధ్రంలోంచి కిరోసిన్ ధారగా ఎగజిమ్మి, మంట పైకప్పుదాకా లేచేది. స్టవ్వు అదే, కిరోసిన్ అదే, రంధ్రమూ అదే. బర్నర్ వేడిగా ఉంటే లోపల కిరోసిన్ ఆవిరై గాలితో కలుస్తుంది. చల్లగా ఉంటే కిరోసిన్‌గానే బయటికొస్తుంది.

ద్రవం మండదు, ఆవిరి మండుతుంది. ప్రమిదలో నూనె కూడా వత్తి కొసన ఆవిరయ్యాకే మండుతుంది. బడిలో ఆవిరి కావడం గురించి చెప్పేటప్పుడు కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో చెప్పి వదిలేస్తాం. అదే పాఠంలో ఒక దీపం వెలిగించి ఈ ఒక్క మాట కూడా చెబితే, ఆ పిల్లల్లో రేపు మెకానిక్ అయ్యేవాడికి ఎంత మేలో!

పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటేనే అంటుకుంటుంది. అంతకంటే తక్కువైనా ఎక్కువైనా నిప్పురవ్వ వృథా. గిన్నెలో పోసిన పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. మరి 20 డిగ్రీల్లో ఇంజనుకి ఏమొచ్చింది? వ్యవధి లేకపోవడం. తాడు లాగినప్పుడు ఇంజను నిమిషానికి 600 సార్లు తిరిగిందనుకుందాం. ఒక చుట్టుకి సెకనులో పదో వంతు. ఆ కాస్తలోనే, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్‌లోంచి వచ్చిన తుంపర ఆవిరి కావాలి. పైగా ఇది టూ స్ట్రోక్ ఇంజను. తుంపర నేరుగా సిలిండర్‌లోకి పోదు, ముందు పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి వెళుతుంది. అక్కడి చల్లటి అల్యూమినియం గోడలకి తగిలి అంటుకుపోతుంది. బర్నర్ వేడెక్కని పంపు స్టవ్వు సరిగ్గా ఇదే.

స్టవ్వుకైతే కింద మంట పెట్టి బర్నర్‌ను వేడి చేయవచ్చు. కోత మిషన్‌కి అలా చేయలేం. అందుకని ఇంజను తయారుచేసినవాళ్ళు ఇంకో ఉపాయం పట్టారు. పెట్రోలు ఒకే పదార్థం కాదు. వందల రకాల హైడ్రోకార్బన్ల కలయిక. అందులో కొన్ని 35 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కొన్నిటికి 200 డిగ్రీలు కావాలి. చల్లటి ఇంజనులో ఆ తేలిక భాగమొక్కటే ఆవిరవుతుంది. ఉదాహరణకి పోసినదాంట్లో నాలుగో వంతే ఆవిరైతే, నాలుగింతలు పోస్తే సరి. ఆ పని చేసేదే చోక్. అది గాలి దారికి అడ్డంగా మూత వేస్తుంది. పిస్టన్ పీల్చే బలమంతా కార్బొరేటర్ రంధ్రాల మీద పడి, పెట్రోలు ఎక్కువగా లాగబడుతుంది. తాడు లాగే వేగానికి గాలి ప్రవాహం ఎంతో నెమ్మది కాబట్టి, మూత వేయకపోతే పెట్రోలు పైకి రానే రాదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చోక్ పూర్తిగా వేసి లాగుతుంటే నాలుగైదు లాగులకి ఇంజను ఒక్కసారి 'టప్' అంటుంది. ఆ శబ్దాన్ని జాగ్రత్తగా వినాలి. ఇక సరిపడా ఆవిరి చేరిందని దాని అర్థం. వెంటనే చోక్ సగానికి తీసి లాగాలి. ఆ టప్ వినిపించుకోకుండా లాగుతూ పోతే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు తడిసిపోతుంది. ఇక వంద సార్లు లాగినా ఒకటే. అప్పుడు ప్లగ్గు విప్పి, చోక్ తీసేసి, ఇగ్నిషన్ స్విచ్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఏడెనిమిది సార్లు లాగి లోపలి పెట్రోలును బయటికి కొట్టాలి. ప్లగ్గు ఆరబెట్టి బిగించి, చోక్ లేకుండా స్టార్ట్ చేయాలి. ఇవన్నీ మిషన్‌ని నేల మీద పెట్టి, చైన్ బ్రేక్ వేసి, వెనక హ్యాండిల్‌ను కాలితో తొక్కిపట్టి చేయాల్సినవి. చేత్తో గాల్లో పట్టుకుని తాడు లాగడం ఎంత అలవాటైనవాళ్ళకైనా ప్రమాదమే.

మా పాఠకుడి కూలీలు ఇంకో మాట చెప్పారట. మిషన్‌కి దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాత లాగితే రెండు మూడు లాగుల్లోనే అందుకుందట. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నేను ఒక్కటే అడిగాను, ఆ తంతు ఎక్కడ చేశారని. తోట గట్టున, ఎండలో, అరగంట. పెట్రోలు ఆవిరి పీడనం 38 డిగ్రీల దగ్గర ఉండేదానిలో దాదాపు సగమే 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎండలో అరగంట పెడితే ఆ సగం తిరిగొస్తుంది. మర్నాడు నిమ్మకాయ లేకుండా ఎండలో పెట్టి చూడమన్నాను. మూడో లాగుకి స్టార్టయింది. మనుషుల భక్తిని నేనేమీ అనను. కానీ కారణం వెతకడం దిష్టి దగ్గరే ఆగిపోతే మిషన్ మర్నాడు మళ్ళీ మొరాయిస్తుంది.

ఇంతకీ అసలు దోషి ఎవరు? మన జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. తోటల్లోకి లారీ దిగదు కాబట్టి కోత ఆగిపోతుంది. మిషన్ షెడ్డులో మూలన పడుంటుంది, ట్యాంకులో పాత పెట్రోలుతో సహా. రెండు నెలల్లో ఆ పెట్రోలులోంచి మూత సందుల గుండా ముందుగా ఎగిరిపోయేది ఏది? తేలిక భాగమే. చల్లటి ఇంజను స్టార్ట్ కావడానికి పనికొచ్చే ఒకే ఒక్క భాగం! మిగిలిన బరువు భాగం వేడి ఇంజనులో చక్కగా మండుతుంది. అందుకే పొద్దున ముప్పై లాగులు, మధ్యాహ్నం ఒక్క లాగు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఐదో వంతు దాకా ఇథనాల్ ఉంటోంది. అది ఆవిరి కావడానికి అదే బరువు పెట్రోలుతో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ వేడి కావాలి. మన వాతావరణంలో దానివల్లే ఇంజను ఆగిపోదు గానీ, నిల్వ ఉంచితే అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్, నీళ్ళు కలిసి అడుగుకి దిగిపోతాయి. ట్యాంకులో ఫిల్టర్ ఉండేదీ అడుగునే. టూ స్ట్రోక్ ఇంజను అరగకుండా పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ మాత్రం పైన పెట్రోలులో ఉండిపోతుంది. అంటే ఇంజనులోకి పోయేది ఆయిల్ లేని నీళ్ళ ఇంధనం. పిస్టన్ గీతలు పడి పట్టేయడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. కాబట్టి నెల దాటిన మిశ్రమాన్ని పారబోసైనా కొత్తది కలుపుకోవాలి. 50కి ఒకటి పాళ్ళు అని మిషన్ పుస్తకంలో రాసుంటే లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25కి ఒకటి అయితే 40. వానాకాలం ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి పక్కన పెట్టాలి.

మా పాఠకుడు పెట్రోలు మార్చాడు. ముప్పై లాగులు పదికి తగ్గాయి, అంతే. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ తీసి చోక్ మూత పూర్తిగా పడుతోందో లేదో చూడమన్నాను. పడుతోంది. ప్లగ్గు విప్పి చూస్తే, పది లాగుల తర్వాత కూడా పొడిగానే ఉంది. అంటే రవ్వ సంగతి తర్వాత, అసలు పెట్రోలే అందడం లేదు. ఇక మిగిలింది కార్బొరేటర్ డయాఫ్రం. ఈ కార్బొరేటర్‌లో మోటార్ సైకిల్‌కి ఉన్నట్టు తేలే ఫ్లోట్ ఉండదు, ఉంటే మిషన్ పక్కకి వంచగానే పెట్రోలు ఒలికిపోయేది. దాని బదులు ఒక పలుచటి పొర ఇంజను పీల్పుకి లోపలికి వంగి, చిన్న లివర్‌ని నొక్కి, సూది వాల్వును తెరుస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు పీల్పు బలంగా ఉంటుంది కాబట్టి బిరుసెక్కిన పొర కూడా వంగుతుంది. తాడు లాగినప్పటి బలహీనమైన పీల్పుకి వంగేది మెత్తటి పొర మాత్రమే. నాలుగు స్క్రూలు విప్పి పాత పొరను బయటికి తీస్తే, అది ఎండిన తమలపాకులా గలగలలాడిందట.