కుదువ పెట్టిన మాట

చిన్నీ, బుజ్జీ,

మొన్న కిల్లార్నీలో అంతమంది మధ్య అమ్మానాన్న లేచి నిలబడి, అక్కడి పౌరసత్వం తీసుకుంటూ, ఐర్లాండ్‌కి నమ్మకంగా ఉంటామని ప్రతిజ్ఞ చేసిన వీడియో చూశాను. ఆ రాత్రే చిన్నీ ఫోన్‌లో అడిగింది: "తాతయ్యా, మామూలుగా మాటిస్తే చాలదా? మళ్ళీ ఒట్టెందుకు?" ఫోన్‌లో తేలే సంగతి కాదమ్మా, అందుకే రాస్తున్నాను.

ఒట్టంటే తాకట్టు. మా చిన్నప్పుడు ఏటా విత్తనాల వేళకి మా అమ్మ కాసులపేరు షావుకారింటికి వెళ్ళేది. పంట అమ్మాక నాన్న దాన్ని పసుపు గుడ్డలో చుట్టి తెచ్చేవాడు. బాకీ తీరిస్తేనే వస్తువు ఇంటికొస్తుంది. మాటా అంతే. మనకి ప్రాణమైనదాన్ని కుదువ పెట్టి ఎదుటివాళ్ళ నమ్మకం తెచ్చుకుంటాం. ఒకసారి పక్కింటి జామకాయలు కోసి, "అమ్మతోడు, నేను కాదు" అనేశాను. అమ్మ ఏమీ అనలేదు. బోసిగా ఉన్న మెడ తడుముకుని నావైపే చూసింది. ఆ రాత్రి ఆవిడ దగ్గితే చాలు, నాకు గుండె ఆగినంత పనైంది.

ఐర్లాండ్‌లో పూర్వం ఎండనీ గాలినీ కుదువ పెట్టేవాళ్ళు. మీరు సముద్రం చూడ్డానికి వెళ్ళే డన్‌లీరీ ఉంది కదా, ఆ లీరీ 5వ శతాబ్దపు రాజంటారు. లెన్‌స్టర్ అనే పక్క రాజ్యం వాళ్ళ మీదికి పశువుల కప్పం కోసం వెళ్ళి పట్టుబడ్డాడు. ఇంక అడగనని సూర్యుడి మీద, గాలి మీద ఒట్టేసి బయటపడ్డాడు. తర్వాత మాట తప్పాడు. ఎండా గాలీ కలిసి ఆయన్ని చంపేశాయని వాళ్ళ పాత చరిత్రల్లో రాసుకున్నారు. తాకట్టు పెట్టిన నగే లేచొచ్చి బాకీ వసూలు చేసుకున్నట్టు!

క్రైస్తవం వచ్చాక సాధువుల గంటల మీద, చేతికర్రల మీద ఒట్లు పెట్టుకున్నారు. బైబిల్ మీద దొంగ ఒట్టుకన్నా వీటి మీద దొంగ ఒట్టుకే జనం ఎక్కువ భయపడేవారని 12వ శతాబ్దంలో వేల్స్ నుంచి వచ్చిన జెరాల్డ్ అనే మతగురువు రాశాడు. ఐరిష్‌లో ఒట్టుని 'మ్యున్' అంటారు (మీ టీచర్ చేత సరిగ్గా పలికించుకోండి). ఒకప్పుడు ఆ మాటకి సాధువు వదిలి వెళ్ళిన పవిత్ర వస్తువనే అర్థం కూడా ఉండేది. కుదువ పెట్టిన వస్తువు పేరే ఒట్టుకి పేరైంది, చూశారా!

1922లో అక్కడివాళ్ళు తమలో తామే యుద్ధానికి దిగారు. బ్రిటిష్ రాజుకి విధేయంగా ఉంటామనే ప్రమాణం దానికి ఒక పెద్ద కారణం. వద్దన్నవాళ్ళ నాయకుడు డి వలేరా 1927లో, ఆ ప్రమాణం మీద సంతకం పెడితేనే రానిచ్చే పార్లమెంటులోకి వెళ్ళాల్సి వచ్చింది. టేబుల్ మీది బైబిల్ తీసి దూరంగా పెట్టి, ప్రమాణం రాసిన చోట కాగితాలు కప్పి, తన పేరు మాత్రం రాశాడు. ఇది ప్రమాణం కాదన్నాడు. 1933లో ఆయన ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. ఏదీ కుదువ పెట్టకుండా చేసిన సంతకం బాకీ కిందికి వస్తుందా, రాదా? ఇక్కడ నా షావుకారు లెక్క పనిచెయ్యడం లేదు. నాన్ననడగండి, మీరిద్దరూ వాదించుకోండి.

ఈ ఆదివారం మాత్రం కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంకి వెళ్ళండి. టికెట్ అక్కర్లేదు. ఆ సాధువుల్లో ఒకరైన సెయింట్ పాట్రిక్ గంట అక్కడుంది. దానికోసం చేయించిన బంగారుపని పెట్టె పక్కన గంట మటుకు కంచు పూత వేసిన ఇనపరేకే. దగ్గరికెళ్ళి, రేకు మడిచి మేకులు కొట్టిన చోటు వెతికి, ఎన్ని మేకులు కనపడ్డాయో నాకు రాయండి.

మీ తాతయ్య