సర్వర్‌కి లింక్ చేసిన టేబుళ్లు: అపోహలు, వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు చీరల కొట్లకీ బియ్యం మిల్లులకీ లెక్కల ఫైళ్లు చేసిపెట్టడం నా పని. ఎంఎస్ యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రాం) ఫైలు 2 జీబీ దాటదు. ఆ హద్దుకి దగ్గరపడ్డ ఫైళ్లలోని టేబుళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పెద్ద డేటాబేస్‌లోకి ఎక్కించి, పాత ఫారాలు అలాగే ఉంచి లింక్ చేస్తాను. ఇక ఇలాంటి అపోహలతో ఫోన్లు మొదలు.

అపోహ: లింక్ డిలీట్ చేస్తే డేటా పోతుంది.

పోదు. యాక్సెస్‌లో ఉండేది సర్వర్‌లోని టేబుల్ చిరునామా మాత్రమే. చెరిపేసి మళ్లీ లింక్ చేసుకోవచ్చు, పేరు కూడా మార్చుకోవచ్చు. కానీ టేబుల్ తెరిచి ఒక వరుస డిలీట్ చేస్తే మాత్రం అది సర్వర్‌లోనే పోతుంది. అక్కడ ఎవరూ భయపడరు!

అపోహ: సర్వర్‌కి మార్చాం కాబట్టి ఇక స్పీడే స్పీడు.

అది క్వెరీని, అంటే డేటాని అడిగే తీరుని బట్టి ఉంటుంది. మామూలు షరతైతే యాక్సెస్ దాన్ని ఓడీబీసీ (యాక్సెస్‌నీ సర్వర్‌నీ కలిపే వంతెన) ద్వారా సర్వర్‌కే పంపుతుంది, కావలసిన వరుసలే తిరిగొస్తాయి. ఒక మిల్లులో తేదీని బట్టి ఆర్థిక సంవత్సరం చెప్పే ఫంక్షన్‌ని ఆఫీస్‌లోని ప్రోగ్రామింగ్ భాష వీబీఏలో రాసుకుని, దాన్నే షరతులో పెట్టారు. మన వీబీఏ సర్వర్‌కి అర్థం కాదు. అందుకని బిల్లులన్నీ కంప్యూటర్‌కి వచ్చి, ఇక్కడ వడపోత జరిగేది. ఆ ఫంక్షన్ తీసేసి ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు అని తేదీలే పెట్టాను, రిపోర్టు వెంటనే వచ్చింది. పెద్ద రిపోర్టులకు పాస్-త్రూ క్వెరీ (యాక్సెస్ ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు సర్వర్‌కి పంపేది) ఇంకా మేలు. అయితే అందులో వచ్చిన వరుసల్ని దిద్దలేం.

అపోహ: పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే ఫాంట్ లేనట్టు.

ఇది మా సరిహద్దు జబ్బు. ఖాతాదారుల్లో సగం పేర్లు తెలుగులో, సగం ఒడియాలో ఉంటాయి. ఒక చీరల కొట్టు పెద్దాయన "ఆ ఫాంటేదో వేసి పెట్టు బాబూ" అని పిలిచారు. ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి, ప్రశ్నార్థకాలు కాదు. అక్కడ పేరు కాలమ్‌ని వార్‌చార్‌గా, అంటే ఒక కోడ్ పేజీలోని (అక్షరాల పట్టికలోని) అక్షరాలే పట్టే రకంగా పెట్టారు. తెలుగుకీ ఒడియాకీ వార్‌చార్ వాడుకోగల కోడ్ పేజీ లేదు, అందుకే మామూలు వార్‌చార్‌లో అక్షరానికో ? పడి సేవ్ అవుతుంది. అలా పడ్డాక అసలు పేరు వెనక్కి రాదు. కాలమ్‌ని అన్ని లిపులూ పట్టే ఎన్‌వార్‌చార్‌కి మార్చి, లింక్‌ని రిఫ్రెష్ చేశాను. పేర్లు మాత్రం ఆయన కోడలు పాత బిల్లు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ కొట్టింది. సర్వర్‌లో నేరుగా ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లు పేరు చుట్టూ పెట్టే కొటేషన్‌కి ముందు ఎన్ అక్షరం మరిచిపోతే, కాలమ్ సరిగ్గా ఉన్నా ఇదే గతి.

అపోహ: విండోస్ 64 బిట్ కాబట్టి సర్వర్‌కి కలిపే ఓడీబీసీ డ్రైవర్ కూడా అదే.

చూడాల్సింది ఆఫీస్ ఎన్ని బిట్లో. 32 బిట్ ఆఫీస్‌కి 32 బిట్ డ్రైవరే కావాలి.

అపోహ: కొత్త వరుస రాయనివ్వకపోతే పర్మిషన్ లేదు.

అదీ కావచ్చు. కానీ ముందు ప్రైమరీ కీ ఉందో లేదో చూడండి. వరుసని గుర్తుపట్టే కీ ఏదీ లేకపోతే యాక్సెస్ చూడనిస్తుంది, ముట్టుకోనివ్వదు.

అపోహ: "ఈ రికార్డుని ఇంకొకరు మార్చారు" అని వస్తే నిజంగానే ఎవరో మార్చారు.

గుణుపురంలో ఒక కొట్టు యజమాని ఈ మెసేజ్ చూసి గుమస్తాని అనుమానించారు. ఆ కొట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్! అసలు దోషి అవును-కాదు అని పెట్టుకున్న బిట్ కాలమ్. పాత వరుసల్లో అది ఖాళీగా, అంటే నల్‌గా ఉంది. యాక్సెస్ దాన్ని 0 అనుకుంటుంది. సేవ్ చేసే ముందు పాత విలువ సరిపోతుందా అని చూస్తే సరిపోదు, ఎవరో మార్చారనేస్తుంది. ఖాళీలన్నీ 0తో నింపి, డిఫాల్ట్ 0 పెట్టి, టేబుల్‌కి రోవెర్షన్ కాలమ్ (వరుస మారినప్పుడల్లా దానంతటదే మారేది) ఒకటి చేర్చి, లింక్ రిఫ్రెష్ చేశాను. ఆ మెసేజ్ మళ్లీ రాలేదు. నేనెప్పుడు వెళ్లినా ఆ గుమస్తా టీ తెప్పించనిదే కదలనివ్వడు.