పొగ లేని పొగకొండలు

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పేరులో పొగ ఉంది గానీ, ఆ కొండల మీద కనిపించేది పొగ కాదు. అమెరికాలో టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న ఈ జాతీయ ఉద్యానంలో చెట్లు ఐసోప్రీన్ లాంటి ఆవిరులను వదులుతాయి. అవి గాలిలో మార్పు చెంది అతిసూక్ష్మ కణాలవుతాయి, నీలి కాంతిని చెదరగొడతాయి. తడిగాలి తోడైతే కొండల వరసలన్నీ నీలి ముసుగేసుకుంటాయి. నీలిపొగల నేల అని ఇక్కడి ఆదివాసులైన చెరోకీలు ఎప్పుడో అన్నారు.

ఉద్యానం అంచునే ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊరు సుమారు 1,300 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి కారులో గంటలోపే 5,046 అడుగుల ఎత్తున ఉన్న న్యూఫౌండ్ గ్యాప్ కనుమకు చేరతారు. ఆ కాస్త దూరంలోనే అడవి మారిపోతుంది. కింద ఆకురాల్చే చెట్లు, పైన కెనడాలో ఉండాల్సిన స్ప్రూస్, ఫర్ అనే సూదాకుల చెట్లు. మంచుయుగంలో హిమానీనదాలు ఇంత దక్షిణానికి రాలేదు, చలి మాత్రం వచ్చింది. దాంతో ఉత్తరాది చెట్లు ఇక్కడిదాకా దిగాయి. వాతావరణం వేడెక్కాక తిరిగి ఉత్తరానికి పోయినవి పోగా, మిగిలినవి కొండెక్కి చల్లగా బతికాయి. 6,643 అడుగుల కువోహి ఈ ఉద్యానంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. క్లింగ్‌మన్స్ డోమ్ అనే పేరు పోయి, 2024లో దానికి పాత చెరోకీ పేరు తిరిగొచ్చింది. అక్కడ మోడులై నిలబడ్డ ఫర్ చెట్లు చాలానే కనిపిస్తాయి. ఐరోపా నుంచి వచ్చిపడ్డ ఓ చిన్న పురుగు చేసిన పని అది.

లోయల్లో ఏటా 55 అంగుళాల వాన పడితే, శిఖరాల మీద 85 అంగుళాలు. అంత నీరూ కిందికి దిగాల్సిందే. దాన్ని దగ్గర్నుంచి చూడాలంటే రోరింగ్ ఫోర్క్ దారి పట్టాలి. ఐదున్నర మైళ్ల ఇరుకు వన్‌వే అది, చలికాలంలో మూసేస్తారు. మధ్యలో కారాపి మైలున్నర లోపు నడిస్తే గ్రాటో జలపాతం. ఎత్తు 25 అడుగులే. నన్నడిగితే ఎత్తు లెక్కలు చూసి జలపాతాన్ని ఎంచుకోవడం అంత తెలివైన పని కాదు. ఇక్కడ బాట నీటిధార వెనక నుంచే పోతుంది! పైనున్న రాతి అంచు గట్టిది. దాని కింది భాగం తుంపరకు, తడికి నెమ్మదిగా తొలిచుకుపోయి గూడులా లోపలికి పోయింది.

ఆ తడి రాళ్ల సందుల్లో సాలమాండర్లు ఉంటాయి. చూడ్డానికి బల్లుల్లా ఉన్నా, ఇవి కప్పల్లాంటి ఉభయచరాలు. ఈ ఉద్యానంలో 30 రకాలున్నాయి. వాటిలో ఎక్కువ వాటికి ఊపిరితిత్తులే లేవు. చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి. చర్మం ఎండితే ఊపిరి ఆగినట్టే, అందుకే తేమను వదిలి దూరం పోవు. వాగులో రాళ్లు కదపడం, పేర్చడం ఇక్కడ నిషేధం. ఆ రాయి కిందే వాటి గుడ్లు ఉండొచ్చు.

ఇదే బాటలో ఒక్కోసారి ఒంటె కుటుంబానికి చెందిన లామా అనే జంతువుల వరస ఎదురొస్తుంది. లెకాంట్ శిఖరం మీది లాడ్జికి సామాన్లు మోసేది అవే. పక్కకు తప్పుకొని దారివ్వండి.